రాయచూరు సీమ దృశ్యలేఖనము: డాక్యుమెంటరీ చిత్రములకు ధనసహాయము, విదేశ సహకారము

కృష్ణా తుంగభద్రల నడుమనున్న అంతర్వేది దక్షిణాపథ చరిత్రలో ప్రసిద్ధి కెక్కిన భూమి. దానికై విజయనగర ప్రభువులును బహమనీ సుల్తానులును, పిదప విజాపుర సుల్తానులును తరతరములు పోరాడిరి. ఆ పోరాటములందు రాయచూరుతో పాటు ఎల్లప్పుడును వినబడు పేరు ముదగల్. నేడది కర్ణాటక రాష్ట్రమందు రాయచూరు జిల్లాలో లింగసుగూరు తాలూకాకు చెందిన పట్టణము. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్వ్యవస్థ జరుగువరకు హైదరాబాదు రాష్ట్రములో భాగమై యుండి, ఆనాడు మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ సీమలో కన్నడము ప్రధానభాష. తెలుగు, ఉర్దూ మాటలాడువారును తరతరములుగా అందు నివసించుచున్నారు.

ఈ సీమను గూర్చి శాసనములు కలవు, తవారీఖులు కలవు, గెజెటీరులు కలవు. కాని జీవించియున్న మనుష్యుల మాటను, పనిని, పండుగను చలనచిత్రమున పదిలపరచుటకు సొమ్ము ఎవరు పెట్టవలెను? విదేశ సంస్థల సహకారము ఏ మార్గమున లభించును? లభించినప్పుడు తుదకు మనకు మిగులునది ఏమి? ఈ ప్రశ్నలకు చరిత్రయందు సమాధానము వెదకుటయే ఈ వ్యాసోద్దేశము. డాక్యుమెంటరీ నిర్మాతలకు నేడు అవకాశములు లేకపోలేదు. అయితే ఆ అవకాశముల విలువ తెలియవలెనన్న, వానికి పూర్వము లేఖనమునకు వెల యిచ్చినవారెవరో, ఇచ్చి యేమి పొందిరో తెలిసికొనుట అవసరము.

శిలపై చిత్రము, తవారీఖులో కథ

రాయచూరు కోట లోపలి ప్రాకారపు గోడలో నలుబది అడుగులకు మించిన నిడివిగల ఒక శిల కలదు. దానిపై 1294వ సంవత్సరపు శాసనము చెక్కబడియున్నది. కాకతీయ సేనానియగు గోన గన్నారెడ్డి పక్షమున విఠలనాథుడు ఆదవాని మొదలగు కోటలను గైకొని, రాయచూరు చేరి, ఈ దుర్గమును కట్టించెనని దానివలన తెలియుచున్నది. తెలుగువారు గన్నారెడ్డి నెరుగుదురు. కాని ఆ శాసనము సమీపముననే యున్న మరియొక విశేషమును గమనించినవారు తక్కువ. ఆ మహాశిలను గని నుండి బండిపై తరలించి తెచ్చిన విధమంతయు గోడపై రేఖాచిత్రముగా చెక్కబడియున్నది. బండి లాగుచున్న పశువుల వరుస, వానిని తోలువారు, చక్రములను కఱ్ఱలతో ముందునకు నెట్టువారు అందు కానవచ్చుచున్నారు.

జరిగిన పనిని జరిగినట్లు చూపుట డాక్యుమెంటరీ లక్షణమైనచో, రాయచూరు సీమలో దానికి పూర్వరూపము ఈ చిత్రమే యనవచ్చును. అందు కష్టపడినవారి రూపములు కలవు, వారి పేర్లు లేవు. పేర్లు వ్యయము భరించినవారివి. ఈ భేదమును పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. ఏలయన, ఈ వ్యాసమునందు మున్ముందు చెప్పబోవు చరిత్రయంతయు ఈ భేదము చుట్టును తిరుగుచున్నది.

ముదగల్ విషయమునను ఇట్టిదే ఒక నిదర్శనము కలదు. ముదగల్‌లో ఒక స్వర్ణకారుని కుమార్తె యుండెను. ఆమె సౌందర్యమును, సంగీతమును కాశీయాత్ర నుండి మరలివచ్చుచున్న ఒక బ్రాహ్మణుడు విజయనగరమున కొనియాడెను. మొదటి దేవరాయలు ఆమెను గోరెను, ఆమె అంగీకరింపలేదు. రాయలు సేనను పంపగా ఆ కుటుంబము ముందే పారిపోయెను. దాని ఫలితముగా 1406లో ఫిరోజిషా బహమనీ విజయనగరముపై దండెత్తెను. తుదకు ఆమెకు సుల్తాను కుమారునితో వివాహమయ్యెను. ఈ కథను చెప్పినవాడు ఫెరిస్తా. ఆమె పేరు పర్తాల్ అని ఆయన గ్రంథానువాదములందు కనబడును. ఆయన విజాపుర సుల్తాను రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా ఆశ్రయమున, ఆ సంఘటనకు ఇంచుమించు రెండు వందల ఏండ్ల తరువాత, రాజాజ్ఞపై గ్రంథము రచించెను. ఆ గ్రంథమున రాజుల కోరిక కలదు, సేనల సంఖ్య కలదు, సంధి షరతులు కలవు. ఊరు దోపిడికి లోనైన నాడు ముదగల్ వీథులలోనివారు ఏమనుకొనిరో లేదు. ఫెరిస్తాను నిందింపబనిలేదు. ఆయనకు ఆశ్రయమిచ్చిన కొలువు ఆ ప్రశ్న అడుగలేదు.

నిజాం రాజ్యమున రెండు విధముల సహకారము

ఆధునిక యుగమున లేఖనమునకు విదేశీయుల నైపుణ్యము తోడయ్యెను. ముదగల్‌కు సమీపముననున్న మస్కిలో 1915లో సి. బీడన్ అను బంగారు గనుల ఇంజనీరు ఒక శిలాశాసనమును కనుగొనెను. అది అశోకుని ధర్మశాసనము. "దేవానాం ప్రియ" యను బిరుదముతో పాటు అశోకుడను పేరు స్పష్టముగా నుండుటచే ఆ శాసనము చరిత్రకారులకు పరమప్రమాణమయ్యెను. అదే సంవత్సరము హైదరాబాదు పురావస్తుశాఖ తన గ్రంథమాలలో మొదటి సంపుటముగా హెచ్. కృష్ణశాస్త్రి పరిష్కరణముతో దానిని ప్రకటించెను. బంగారము వెదకవచ్చినవానికి శాసనము దొరకుట యాదృచ్ఛికము. దొరకినదానిని పరిష్కరించి లోకమున కందించుటకు స్థానికమైన ఒక శాఖ, దానికి కొంత ద్రవ్యము సిద్ధముగా నుండుట యాదృచ్ఛికము కాదు.

అజంతా విషయమున ఇది మరింత స్పష్టము. అజంతా గుహలు నాడు నిజాం రాజ్యమునందుండెను. అందలి చిత్రములు చెడిపోవుచుండగా 1920 ప్రాంతమున ఆ ప్రభుత్వము ఇటలీ దేశమునుండి లొరెంజో చెక్కోని, కౌంట్ ఓర్సినీ యను నిపుణులను పిలిపించెను. పిదప గులాం యజ్దానీ సంపాదకత్వమున అజంతా చిత్రముల గ్రంథము నాలుగు భాగములుగా 1930 మొదలు 1955 వరకు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా వెలువడెను. నైపుణ్యము రోము నగరమునుండి వచ్చినది, ముద్రణము ఇంగ్లండునుండి వచ్చినది. కాని సంకల్పము, సంపాదకత్వము, వ్యయము హైదరాబాదువి. విదేశ సహకారమనగా చేయి చాచుట యొక్కటే కాదని, పనిని మన చేతిలో నుంచుకొని నిపుణులను పిలుచుకొనుట కూడనని ఈ ఉదాహరణము తెలుపుచున్నది. ఆ వ్యయము ప్రజల పన్నులనుండి వచ్చినదనియు, నిర్ణయము మాత్రము ప్రభువుదనియు మరువరాదు.

ప్రభుత్వ చిత్రములు

మన దేశమున డాక్యుమెంటరీ చిత్రమునకు క్రమమైన ధనము మొదట యుద్ధము వలన వచ్చెను. 1940లో బ్రిటిషు ప్రభుత్వము ఫిల్ము అడ్వయిజరీ బోర్డును, 1943లో ఇన్ఫర్మేషన్ ఫిలింస్ ఆఫ్ ఇండియా అను సంస్థను ఏర్పరచెను. ప్రతి సినిమాశాలయు ఆ చిత్రములను ప్రదర్శించి తీరవలెనని యుద్ధకాలపు నిబంధన విధింపబడెను. ప్రచారమునకై పుట్టిన ఆ సంస్థపై ప్రజాప్రతినిధులకు ప్రీతి లేకపోవుటచే 1946లో కేంద్రశాసనసభ దాని పద్దును తెగకోసెను, సంస్థ మూతపడెను. తత్ఫలితముగా 1947లో స్వాతంత్ర్యము వచ్చిన మహాదినమున దానిని చిత్రించుటకు ప్రభుత్వమునకు తన చిత్రశాఖ యొకటి లేకపోయెను. ధనము కోసివేయబడిన సంవత్సరము చరిత్రలో తిరిగిరాదు.

1948లో ఫిలింస్ డివిజన్ ఏర్పడెను. 1952 సినిమాటోగ్రాఫు చట్టమును ఆధారము చేసికొని సినిమాశాలలు ఆమోదిత చిత్రములను ప్రదర్శించి, వానికి అద్దె చెల్లించు పద్ధతి స్థిరపడెను. తొలి యేండ్లలో చిత్రములు ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ, తమిళ, తెలుగు భాషలలో వెలువడెను. తెలుగువారికి దేశమందలి ఆనకట్టలు, కర్మాగారములు, నృత్యములు తమ భాషలో వ్యాఖ్యానముతో తెరపై కనబడుట ఆ చిత్రముల వలననే. దాని మేలు గొప్పది. లోపమును చెప్పుకొనవలెను. వ్యాఖ్యానము తెలుగున నుండెను గాని, చిత్రమున కనబడు రైతు తన మాట తాను చెప్పుకొనుట అరుదు. బొమ్మ అతనిది, గొంతు ప్రభుత్వముది.

ఆ కాలముననే విదేశ సహకారమును మన దేశమున ప్రవేశించెను. కెనడా జాతీయ చిత్రసంస్థలో పనిచేసిన జేమ్స్ బెవరిడ్జి 1950 దశకమున ఇచట బర్మా షెల్ కంపెనీ చిత్రశాఖను నడపెను. జర్మను దేశీయుడైన పాల్ జిల్స్ బొంబాయిలో స్థిరపడి, ఫాలీ బిలిమోరియా మున్నగువారితో కలిసి చిత్రములు నిర్మించెను. బిలిమోరియా తీసిన "ది హౌస్ దట్ ఆనంద బిల్ట్" 1968 నాటిది. ఫిలింస్ డివిజన్ నిర్మించిన ఆ చిత్రము ఆస్కారు పోటీలో తుది జాబితాకు ఎక్కెను. ఇటలీ దర్శకుడు రొసెల్లినీ 1956-57లో వచ్చి "ఇండియా" చిత్రమును, ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ 1968లో వచ్చి "ఫాంటమ్ ఇండియా"ను తీసిరి. రెండవది బ్రిటిషు టెలివిజనులో ప్రదర్శింపబడగా భారత ప్రభుత్వము ఆగ్రహించి 1970లో ఢిల్లీలోని బి.బి.సి. కార్యాలయమును మూయించెను. మాల్ చూపినది నిజమా, కాదా యను వివాదము వేరు. మనలను గూర్చిన చిత్రము మన ప్రమేయము లేకుండ లోకమునకు చేరినప్పుడు, మనకు మిగిలిన సాధనము కోపమొక్కటే యగుట ఇచట గమనింపదగినది.

ఆకాశమునుండి దిగిన బొమ్మ

రాయచూరు జిల్లాకు అంతర్జాతీయ సహకారము ప్రత్యక్షముగా వచ్చిన ఘట్టము 1975-76 సంవత్సరముది. 1969లో భారత అణుశక్తి శాఖకును అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసాకును ఒక ఒప్పందము జరిగెను. తదనుసారముగా ఎ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహము ఒక్క సంవత్సరముపాటు మనకు ఎరువుగా లభించెను. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు ప్రసారము చేయుట పథకము. దానిపేరు శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్. సంక్షిప్తముగా సైట్ అందురు. ఆంధ్రప్రదేశమున కర్నూలు, మహబూబునగరు, మెదకు, హైదరాబాదు జిల్లాలును, కర్ణాటకమున రాయచూరు, గుల్బర్గా, విజాపురము జిల్లాలును ఎన్నుకొనబడెను.

గ్రామములకు వలసిన యంత్రములను హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ తయారు చేసెను. తీగవల అల్లిన పది అడుగుల గొడుగువంటి ఏంటెన్నా, దానిక్రింద ఒక టెలివిజన్ పెట్టె, దానిముందు ఊరంతయు కూర్చుండెడిది. తెలుగు, కన్నడ కార్యక్రమములు రెండును హైదరాబాదులోని నిర్మాణకేంద్రమున తయారయ్యెను. ఉపగ్రహమున ఒక బొమ్మకు రెండు ధ్వనిమార్గములుండుటచే, ఒకే బొమ్మను కర్నూలు జిల్లావారు తెలుగునను, రాయచూరు జిల్లావారు కన్నడమునను వినుటకు వీలయ్యెను. 1956లో విడిపోయిన రెండు ప్రాంతములు ఆ ఒక్క సంవత్సరము ఒకే తెర ముందు కూర్చుండెను.

ఈ ఏర్పాటులో వ్యయవిభాగము గమనింపదగినది. ఉపగ్రహము అమెరికాది. భూమిపైనున్న కేంద్రములు, గ్రామయంత్రములు, కార్యక్రమములు భారతదేశమువి. కావుననే తెరపై ఏమి కనబడవలెనో నిర్ణయించుట మన చేతిలో మిగిలెను. అయితే గడువు తీరగనే ఉపగ్రహము తన దారిని తాను పోయెను. రాయచూరు గ్రామములలోని గొడుగులు ఆకాశము వైపు చూచుచుండగా బొమ్మ ఆగిపోయెను. 1977లో గుల్బర్గా, హైదరాబాదు మున్నగు చోట్ల భూతల ప్రసారకేంద్రములు నెలకొల్పి కొంతవఱకు కొనసాగించిరి. ఎరువు సాధనముపై ఆధారపడిన పని ఎరువు గడువుతో ముగియునని దీనివలన తెలియుచున్నది. నేటి నిర్మాతలు విదేశ గ్రాంటును స్వీకరించునపుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఇదే: గడువు తీరిన తరువాత ఊరిలో ఏమి మిగులును?

ఆ పథకమున పనిచేసిన అనుభవము కొందరిని వేరుదారి పట్టించెను. వారిలో పి.వి. సతీష్ ఒకరు. ఆయన టెలివిజన్ నిర్మాతగా పనిచేసి, పిదప మెదకు జిల్లా జహీరాబాదు ప్రాంతమందలి పస్తాపూరులో 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ స్థాపకులలో ఒకరయ్యెను.

హైదరాబాదు, పస్తాపూరు ఉదాహరణములు

1980లో బెంగుళూరున యుగాంతర్ అను చిత్రబృందము ఏర్పడెను. దీపా ధన్‌రాజ్, ఆభా భయ్యా, మీరా రావు, నవ్రోజ్ కాంట్రాక్టరు అందలి సభ్యులు. వారు పూనాలోని ఇంటిపనివారలను గూర్చియు, కర్ణాటకమందలి నిపాణి పొగాకు కార్మికస్త్రీలను గూర్చియు చిత్రములు తీసిరి. 1983లో హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనతో కలిసి "ఇది కథ మాత్రమేనా" యను తెలుగు చిత్రమును నిర్మించిరి. గృహమందు స్త్రీలు అనుభవించు హింస దాని విషయము. చిత్రమున కనబడువారును చిత్రము నాలోచించినవారును కలిసి పనిచేయుట ఆ బృందపు పద్ధతి. వాటి ప్రతులు శిథిలమగుచుండగా బెర్లిను నగరమందలి ఆర్సెనల్ సంస్థ వానిని డిజిటల్ రూపమున పునరుద్ధరించెను. ఇది అంతర్జాతీయ సహకారములో ప్రశంసింపదగిన ఘట్టము. హైదరాబాదు స్త్రీల మాట బెర్లినులో బ్రతికినది. అయినను ఇట్టి పనికి వలసిన సంస్థ మన నేలపై నొకటి యుండవలెనను కొరత మనస్సును బాధింపక మానదు.

దీపా ధన్‌రాజ్ 1991లో "సంథింగ్ లైక్ ఏ వార్" అను చిత్రమును బ్రిటనులోని చానల్ 4 కొరకు నిర్మించిరి. భారతదేశపు కుటుంబ నియంత్రణ పథకము పేదస్త్రీల శరీరములపై ఎట్లు నడచెనో అందు చూపబడినది. ప్రభుత్వ పథకమును విమర్శించు చిత్రమునకు ప్రభుత్వ ధనము దొరకుట కష్టము. అట్టిచోట విదేశ ప్రసారసంస్థ అవకాశము నిజమైన అవసరమును తీర్చెను. అందువలన విదేశ ధనమన్నంతనే అనుమానించుట న్యాయము కాదు. చానల్ వారిదైనను ప్రశ్న మనవారిది, దర్శకత్వము మనవారిది.

పస్తాపూరు కథ మరియొక అడుగు ముందు వేసినది. ఆ సంస్థ సంఘములలోని దళిత స్త్రీలు, బడికి వెళ్లనివారు సయితము, వీడియో కెమెరా పట్టుట నేర్చిరి. 2003లో వరంగల్లు జిల్లా రైతులు బి.టి. పత్తి వలన పొందిన నష్టమును వారే చిత్రించిరి. పిదప అదే విషయమున ఆఫ్రికా, ఆసియా దేశములకు పోయి, అచటి పత్తిరైతులతో మాటలాడి 2007లో మరియొక చిత్రమును సిద్ధపరచిరి. యునెస్కో సహాయముతో నిర్మితమైన వారి రేడియో కేంద్రమునకు 2008లో అనుమతి లభించెను. విదేశ సంస్థలు ఇచట సాధనమును, శిక్షణమును, ప్రయాణమును ఇచ్చెను. కెమెరా ఎటు చూడవలెనో సంఘపు స్త్రీలు నిర్ణయించిరి. రాయచూరు గోడపై పేరు లేక బండిని నెట్టినవారికిని, పస్తాపూరున కెమెరా పట్టినవారికిని నడుమ ఏడు వందల ఏండ్లు గడచెను.

చట్టము చెప్పునది

వెల యిచ్చినవానిదే లేఖనమను మాట సామెత మాత్రమే కాదు, చట్టము కూడ. 1957 కాపీరైటు చట్టము 17వ విభాగము ప్రకారము, ఒకరు కోరి ప్రతిఫలమిచ్చి తీయించుకొనిన చలనచిత్రమునకు, వేరు ఒప్పందము లేనిచో, తీయించుకొనినవారే ప్రథమ హక్కుదారులు. ఆ హక్కు చిత్రము ప్రకటితమైన తరువాతి సంవత్సరము మొదలుకొని 60 ఏండ్లు నిలుచును. "వేరు ఒప్పందము లేనిచో" అను మూడు పదములలోనే నిర్మాత భవిష్యత్తంతయు నున్నది. ఒప్పందపు కాగితమును చదువక సంతకము చేసినవాడు తన ఊరి జ్ఞాపకమును అరువది ఏండ్లకు అమ్మివేసినవాడగును.

రెండవది విదేశ ధనమునకు సంబంధించిన చట్టము. 1976లో మొదట చేయబడి, 2010లో తిరిగి రచింపబడి, 2020లో మరింత కఠినమైన విదేశ విరాళముల నియంత్రణ చట్టము ప్రకారము, విదేశ విరాళము పొందగోరు సంస్థ నమోదైనను, ముందు అనుమతి పొందినదైనను కావలెను. ధనము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధానశాఖలోని ప్రత్యేకఖాతాకే రావలెను. వచ్చినదానిని మరియొక సంస్థకు పంచిపెట్టరాదు. కార్యాలయ ఖర్చు నూటికి 20 వంతులకు మించరాదు. వార్తలు, వర్తమాన వ్యవహారముల దృశ్యకార్యక్రమములు నిర్మించువారు అట్టి విరాళము నసలే స్వీకరింపరాదు. కాని వ్యాపారక్రమమున జరుగు న్యాయమైన చెల్లింపు విరాళము క్రిందికి రాదు. కాబట్టి విదేశ ధనము దానముగా వచ్చుచున్నదా, సహనిర్మాణపు వాటాగా వచ్చుచున్నదా, ప్రసారహక్కుల వెలగా వచ్చుచున్నదా యను భేదమును నిర్మాత ముందే తేల్చుకొని, లెక్కల నిపుణుని సలహా పొందవలెను.

నేటి మార్గములు

ఫిలింస్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమయ్యెను. ఆ సంస్థ 2007 నుండి గోవాలో నడపుచున్న ఫిల్ము బజారున దేశవిదేశ నిర్మాతలు కలిసికొందురు. 2000లో ఫోర్డు ఫౌండేషన్ తోడ్పాటుతో ఢిల్లీలో ఏర్పడిన పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్టు, దూరదర్శన్ సహకారముతో స్వతంత్ర దర్శకులచేత వందలకొలది చిత్రములు తీయించెను. స్వదేశ విదేశ ధనము కలిసినప్పుడు ఎంత పని జరుగగలదో అది చూపెను. 1993లో బెంగుళూరున ఏర్పడి 1995 నుండి గ్రాంటులిచ్చుచున్న ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ రాయచూరువారికి దగ్గరి ద్వారము. 2004 నుండి కలకత్తాలో డాక్‌ఎడ్జ్ అను సమావేశము ఆసియా డాక్యుమెంటరీ నిర్మాతలకు శిక్షణమిచ్చి, విదేశ ప్రసారసంస్థల ప్రతినిధుల ముందు తమ ప్రతిపాదనలను వివరించు అవకాశమును కల్పించెను.

విదేశములందు ముఖ్యమైనది ఆమ్‌స్టర్‌డామ్ డాక్యుమెంటరీ ఉత్సవమునకు చెందిన బెర్తా నిధి. 1998లో యాన్ వ్రైమన్ నిధిగా ఆరంభమైన ఇది ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశముల దర్శకులకు ఉద్దేశింపబడినది. అమెరికాలో 1996లో సోరోస్ నిధిగా పుట్టి, 2002లో సన్‌డాన్స్ సంస్థకు చేరిన డాక్యుమెంటరీ నిధి మరియొకటి. ఇట్టి నిధులు సామాన్యముగా పరిశోధన, చిత్రణము, కూర్పు అను దశలను వేరుచేసి సహాయమిచ్చును.

ఇక సహనిర్మాణపు ఒప్పందములు. భారతదేశము 2005లో ఇటలీతోను బ్రిటనుతోను, 2007లో జర్మనీతోను, 2010లో ఫ్రాన్సుతోను, 2014లో కెనడాతోను, 2023లో ఆస్ట్రేలియాతోను ఇట్టి ఒప్పందములు చేసికొనెను. ఒప్పందము క్రింద ఆమోదింపబడిన చిత్రము రెండు దేశములందును స్వదేశచిత్రముగా గణింపబడి, రెండుచోట్ల సహాయములకును అర్హమగును. పలు ఒప్పందములందు ఒక్కొక్క పక్షము కనీసము నూటికి 20 వంతుల పాలు భరింపవలెను. 2022లో కేంద్రప్రభుత్వము సహనిర్మాణ చిత్రములకు దేశమందు జరిగిన ఖర్చులో కొంతభాగము తిరిగి ఇచ్చు పథకమును ప్రకటించి, 2023లో దానిని నూటికి 40 వంతుల వరకు పెంచెను.

చిన్న ఊరి కథను లోకము చూడదను భయము నిరాధారము. ఢిల్లీలో గాయపడిన గద్దలను కాపాడు అన్నదమ్ముల చిత్రము "ఆల్ దట్ బ్రీద్స్" 2022లో సన్‌డాన్స్, కాన్ ఉత్సవములు రెండింటను బహుమానములందుకొనెను. బుందేల్‌ఖండు దళిత స్త్రీలు నడపు "ఖబర్ లహరియా" పత్రికను గూర్చిన "రైటింగ్ విత్ ఫైర్" అదే సంవత్సరము ఆస్కారు తుది జాబితాకెక్కెను. అయితే ఆ పత్రికవారే, చిత్రము హృద్యమైనదని యొప్పుకొనుచు, తమ పని సమగ్రరూపము అందు కనబడలేదని బహిరంగముగా ప్రకటించిరి. ప్రశంస వచ్చిననాడు కూడ, చిత్రింపబడినవారి తృప్తి వేరుగా ఆలోచింపవలసిన విషయమే.

ముదగల్‌కు వలసినది

ముదగల్‌లో చిత్రింపదగినవి ఏవి? కోట కలదు, దాని గోడలపై శాసనములు కలవు. హిందువులును ముస్లిములును కలిసి జరుపు పీర్లపండుగ కలదు. ఆ మొహర్రమునకు చుట్టుప్రక్కల జిల్లాలనుండి జనము వత్తురు. గోవానుండి వచ్చిన మిషనరీల కాలమునాటి ప్రాచీన కథోలిక క్రైస్తవ సమాజము కలదు. వీనిని మించి, హైదరాబాదు రాష్ట్రమును చూచి, 1956 మార్పును చూచి, సైట్ గొడుగుల క్రింద కూర్చుండిన తరమువారు ఈ జిల్లాలో ఇంకను కొందరు మిగిలియున్నారు. కోట మరికొన్ని శతాబ్దములు నిలుచును. ఆ తరము నిలువదు. ఇచట ప్రమాదమున నున్నది రాయి కాదు, గొంతు.

అందువలన మన తెలుగు సంఘములు, కన్నడ సోదర సంఘములతో కలిసి, చేయదగిన పనులు నాలుగు తోచుచున్నవి. మొదటిది, స్థానిక మూలధనము. చిత్రవ్యయము పది లక్షల రూపాయలనుకొందము. ఒప్పందపు కనీసపు పాలు నూటికి 20 అయినచో రెండు లక్షలు మనవైపునుండి రావలెను. ఆ రెండు లక్షలు చేతనున్నవానికి విదేశపు బల్లవద్ద కూర్చుండుటకు పీట లభించును, లేనివాడు వాకిట నిలుచును. పెండ్లిమండపములకు, విగ్రహములకు చందాలెత్తగల మన సంఘములకు ఇది భారము కాదు.

రెండవది, పరిశోధన. నిధులకు పంపు ప్రతిపాదనలో బలము ఇంగ్లీషు వాక్యముల వలన రాదు. ఎవరితో మాటలాడితిమి, ఏమి చెప్పిరి, ఏ కాగితము చూచితిమి అను వివరముల వలన వచ్చును. ఆ వివరములు తెలుగు, కన్నడ, ఉర్దూలు తెలిసిన స్థానిక ఉపాధ్యాయులును విద్యార్థులునే సేకరింపగలరు.

మూడవది, ఒప్పందము. హక్కులో స్థానిక నిర్మాతకు పాలుండవలెను. చిత్రమున వాడని భాగముల సహితముగా ఒక పూర్తిప్రతి ఊరిలోనో, జిల్లాలోనో నిలువవలెను. చిత్రము తెలుగు, కన్నడ ధ్వనులతో ఊరివారికి మొదట చూపబడవలెను. ఈ మూడు నియమములు లేని ధనమును వదలుకొనుట నష్టము కాదు.

నాలుగవది, భద్రపరచు స్థలము. స్వాతంత్ర్యదినమున ప్రభుత్వమునకు కెమెరా లేకపోవుటకును, "ఇది కథ మాత్రమేనా" బెర్లినులో బాగుపడుటకును కారణమొక్కటే. స్థిరమైన సంస్థ, దానికి ఏటేట కొంత ధనము మనకు లేకపోయినవి. ఒక కళాశాల గ్రంథాలయమున చల్లని గది యొకటి, రెండుచోట్ల నుంచిన ప్రతులు, పట్టిక వ్రాయు మనిషియొకడు ఉన్నచో ఆరంభమునకు చాలును.

గన్నారెడ్డి కాలమున శిలను కదల్పగల బలము ప్రభువులకే యుండెను. నేడు కెమెరా అంగడిలో దొరకుచున్నది, ఒప్పందములు అచ్చుపడి యున్నవి, నిధుల ద్వారములు తెరచియున్నవి. వెలలో మన పాలు మనము చెల్లించినచో, రానున్న చిత్రమున బండి నెట్టినవారి రూపముతో పాటు వారి పేరును, వారి మాటయు నిలుచును. ఈ సంచికను చదువు పెద్దలు తమతమ సంఘముల తదుపరి సమావేశముననే ఈ విషయమును చర్చకు పెట్టుదురని ఆశించుచున్నాను.